తోర్వాలో పుకారు, ఢిల్లీలో ప్రకటన

రాజధాని నగరంలో కొంతకాలంగా ఏ సభకు వెళ్ళినా, ఏ పెద్దమనిషిని పలకరించినా ఒకటే విచారం వినవస్తున్నది. దేశంలో అసత్య ప్రచారం పెచ్చుపెరిగిపోయిందట! సామాన్యజనం విన్నదల్లా నమ్ముతున్నారట! మంత్రులు ఈ మాట ప్రతిపక్షాన్ని ఉద్దేశించి అంటారు. ప్రతిపక్షంవారు ఇదే మాటను మంత్రులపైకి తిప్పికొడతారు. నమ్మేది మాత్రం జనమేనన్న విషయంలో ఉభయులకూ భేదాభిప్రాయం లేదు. ఢిల్లీలో ఇంతటి ఏకాభిప్రాయం అరుదుగా కుదురుతుంది గనుక, దానిని కొంచెం అనుమానంతో పరిశీలించడం పత్రికా రచయిత విధి అనుకుంటాను. జనం ఏమి నమ్ముతున్నారన్న దానిపై ఇంత చర్చ జరుగుతున్నది గాని, ఎందుకు నమ్ముతున్నారని అడిగేవారు తక్కువ. అడిగితే 'చదువు లేక' అన్న సమాధానం సిద్ధంగా ఉంటుంది. ఆ సమాధానం చాలదని నాకు తెలియజెప్పినది బిలాస్‌పూర్‌లోని తోర్వా.

ఆ పేరు మన పాఠకులలో చాలామంది విని ఉండరు. ఛత్తీస్‌గఢ్ హైకోర్టు ఉన్న బిలాస్‌పూర్ నగరంలో, రైల్వే ప్రాంతాన్ని ఆనుకుని, అర్పా నది వైపు సాగే పేట అది. 1887లో ఏర్పడిన బెంగాల్-నాగపూర్ రైల్వే కంపెనీ మార్గాల వెంటనే మన ఉత్తరాంధ్ర జిల్లాల కూలీలు, ఖలాసీలు, ఫిట్టర్లు, గుమాస్తాలు ఒకవైపు ఖరగ్‌పూరుకు, మరొకవైపు బిలాస్‌పూర్‌కు చేరుకున్నారు. 1931లో విజయనగరం-రాయపూర్ మార్గం పూర్తి అయిన తరువాత ఆ రాకపోకలు మరింత సులువైనాయి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడినపుడు దాని ప్రధాన కార్యాలయం బిలాస్‌పూర్‌కే దక్కింది. ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, కచేరీలో హిందీ మాట్లాడే మూడవ తరం, నాలుగవ తరం తెలుగువారు అక్కడ ఉన్నారు.

2025 అక్టోబరు 27వ తేదీన ఎన్నికల సంఘం ఓటర్ల జాబితాల ప్రత్యేక సవరణ రెండవ విడతను ప్రకటించింది. ఆ విడతలో ఛత్తీస్‌గఢ్ కూడా చేరినది. బూత్ లెవెల్ ఆఫీసర్లు ఇంటింటికీ పత్రాలు పంచాలి. ఓటరు వాటిని నింపి ఇవ్వాలి. తన పేరో, తల్లిదండ్రుల పేరో సుమారు రెండు దశాబ్దాల నాటి జాబితాలో ఎక్కడున్నదో చూపాలి. చూపలేనివారికి నోటీసు ఇచ్చి వేరే ఆధారాలు అడుగుతారు. ఆ నవంబరు మాసంలో నేను తోర్వాలో ఒక పూట గడిపాను.

ఒక టీ కొట్టు దగ్గర, రైల్వేలో ఖలాసీగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దాయన ఆ పత్రాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుని కూర్చున్నాడు. నేను తెలుగువాడినని తెలియగానే పక్కకు జరిగి చోటిచ్చాడు. "ఇది నింపకపోతే రేషను ఆగిపోతాదట బాబూ. పింఛనూ ఆగిపోతాదట. పాత కాయితం లేనోళ్ళని ఆంధ్రా పంపించేస్తారట" అన్నాడు. ఓటర్ల జాబితాకూ రేషనుకూ సంబంధం లేదని, రైల్వే పింఛను ఆగదని, భారత పౌరుడిని ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి తరిమే చట్టం ఏదీ లేదని నేను నాకు తెలిసినంత మేరకు వివరించాను. ఆయన ఓపికగా విన్నాడు. విని నవ్వాడు. "మీరు ఢిల్లీలో ఉంటారు బాబూ. మీకు ముందే తెలుస్తాది. మాకు అంతా అయిపోయాక తెలుస్తాది" అన్నాడు.

ఆయన నిరక్షరాస్యుడు కాడు. హిందీ పత్రిక చదువుతాడు. కొడుకు డిప్లొమా చదివాడు. అయినా ఎన్నికల సంఘం ప్రకటన కంటె టీ కొట్టు మాట ఆయనకు నమ్మదగినదిగా తోచింది. ఎందుకని నేను అడిగినపుడు, జవాబుగా మనవడి సంగతి చెప్పాడు. ఆ పిల్లవాడికి కుల ధ్రువీకరణ పత్రం కావాలి. రెండేళ్ళుగా తిరుగుతున్నారు. "మా తాత వేసిన పట్టాల మీద బండి నడుస్తానే ఉంది. మా తాత పేరున్న కాయితమే లేదు" అన్నాడు.

ఈ చిక్కు తోర్వాకే పరిమితమైనది కాదు. షెడ్యూల్డు కులాల జాబితాను ప్రకటించిన రాష్ట్రపతి ఉత్తర్వు 1950 ఆగస్టు 10వ తేదీన వెలువడింది. ఆ జాబితాలు రాష్ట్రాలవారీగా ఉంటాయి. ఆంధ్రలో షెడ్యూల్డు కులమైనది మరొక రాష్ట్రపు జాబితాలో ఉండవలెనన్న నియమం లేదు. తెలుగు ప్రాంతం నుంచి తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయి చేరిన ఒక విద్యార్థి వైద్య కళాశాలలో సీటు కోసం వేసిన దావాలో, 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఒక రాష్ట్రంలోని హోదా మరొక రాష్ట్రానికి వెంటరాదని తీర్పు చెప్పింది. కనుక వలస వచ్చిన కుటుంబం ముందుగా 1950 నాటికే ఇక్కడ ఉన్నట్లు రుజువు చూపాలి. చూపిన తరువాత తమ కులం ఇక్కడి జాబితాలో ఉన్నదా అన్నది మరొక ప్రశ్న. స్థానిక దళితులకు రావలసిన వాటా బయటివారు తన్నుకుపోరాదన్న వాదంలో న్యాయం లేకపోలేదు. కాని నియమం న్యాయమైనదా కాదా అన్నది వేరు, ఆ నియమం కింద బ్రతికేవాడి మనస్సులో ఏమి మిగులుతుందన్నది వేరు.

ఆ పెద్దాయన మనస్సులో మిగిలినది ఇది: 'పాత కాగితం లేకపోతే నువ్వు ఇక్కడివాడివి కావు.' ఇది పుకారు చెప్పిన మాట కాదు. కచేరీ బల్ల అవతల నుంచి ఆయన స్వయంగా విన్న మాట. పుకారు ఆయనకు కొత్త సంగతి ఏదీ చెప్పలేదు. ఒక కచేరీలో నిజమైన సంగతి మరొక కచేరీలో కూడా నిజమేనని మాత్రమే చెప్పింది. అబద్ధమంతా ఆ 'కూడా' అన్న మాటలో ఉన్నది.

రేషను సంగతి మాత్రం ఎక్కడి నుంచి వచ్చిందని నేను అడిగాను. హైదరాబాదులో ఆయనకు చుట్టాలున్నారు. తెలంగాణలో 2016 మొదలు కంప్యూటరు లెక్కల ఆధారంగా సుమారు 19 లక్షల రేషను కార్డులను రద్దు చేశారు. కార్డుదారు ఇంటికి వెళ్ళి విచారించకుండా తీసేశారన్న ఫిర్యాదు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. వాటిని మళ్ళీ క్షేత్రస్థాయిలో తనిఖీ చేయవలసిందిగా న్యాయస్థానం 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. అదే రాష్ట్రంలో 2018 డిసెంబరు 7న శాసనసభ ఎన్నికల నాడు పోలింగు కేంద్రానికి వెళ్ళిన ఎందరో ఓటర్లకు జాబితాలో పేర్లు కనిపించలేదు. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. చుట్టాలింట ఈ రెండూ జరగడం చూసినవాడికి, పేరు పోవడమూ బియ్యం పోవడమూ ఒకే చేతి పని అనిపించడంలో వింత ఏమున్నది?

మన తెనాలి రామకృష్ణుని పిల్లి కథ ఈ సందర్భంలో గుర్తుకు వస్తున్నది. రాయలవారు ఆవులనూ పిల్లులనూ ఇచ్చి పెంచమంటే, రామకృష్ణుడు మొదటినాడే తన పిల్లికి సలసల కాగే పాలు పోశాడు. తరువాత సభలో పాలగిన్నె చూడగానే అది పరుగెత్తిపోయింది. పాలంటే భయపడే పిల్లి ఎక్కడైనా ఉంటుందా అని సభాసదులు నవ్వారు. పిల్లి తెలివితక్కువదనుకోవడం సులువు. దాని మూతి చూడాలని రాయలవారికి తోచింది గనుక నిజం బయటపడింది. నేటి మన సభలలో నవ్వేవారున్నారు గాని మూతి చూసేవారు లేరు.

బిలాస్‌పూర్‌కు మూతి కాలిన అనుభవం బాగా ఉన్నది. 2014 నవంబరు 8వ తేదీన, ఆ నగరానికి సమీపాన పెండారీ గ్రామంలో, వాడుకలో లేని ఒక ఆసుపత్రి భవనంలో, ఒకే శస్త్రవైద్యుడు కొద్ది గంటలలో 83 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేశాడు. ఆ జిల్లా శిబిరాలలో చికిత్స పొందిన స్త్రీలలో 13 మంది కొద్దిరోజులలోనే మరణించారు. మృతులలో బైగా తెగకు చెందిన స్త్రీ కూడా ఉన్నది. అంతరించిపోయే ప్రమాదమున్న ఇటువంటి తెగలవారికి ఆ చికిత్స చేయరాదని మధ్యప్రదేశ్ ప్రభుత్వం 1979లోనే ఉత్తర్వు ఇచ్చి ఉన్నది. రోగులకు ఇచ్చిన మాత్రలలో ఎలుకల మందు అవశేషాలు కనిపించాయన్న మాట తొలిరోజులలో రాష్ట్ర అధికారుల నోటనే వచ్చింది. ఇదే మాట సంతలో ఎవరైనా అని ఉంటే పుకారు అనేవారము. 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఇటువంటి శిబిరాలను మూడేళ్ళలోగా నిలిపివేయాలని ఆదేశించింది.

ఆ తరువాత ఏడేళ్ళకు, 2021లో, కోవిడ్ టీకా వచ్చింది. టీకా వేయించుకుంటే సంతానం కలగదన్న పుకారు దేశమంతటా పాకింది. అది అబద్ధం. జనవరి 3వ తేదీన దేశ ఔషధ నియంత్రణాధికారి దానిని అసంబద్ధమని కొట్టివేశారు. ఆయన చెప్పినది అక్షరాలా నిజం. అయితే ప్రభుత్వ వైద్యం తమవారి కడుపుకోతకు కారణం కావడాన్ని కళ్ళారా చూసిన జిల్లాలో, ఆ నిజానికి పూచీ పడేవారెవరు? ఆ పుకారుకు రాజకీయ గౌరవం కల్పించినది అడవిలోని బైగాలు కారన్నది కూడా మరువరాదు. ఔషధాధికారి ప్రకటనకు ముందు రోజే, ఉత్తరప్రదేశ్ శాసనమండలి సభ్యుడొకరు ఇటువంటి మాటే బహిరంగంగా అన్నారు. పుకారు కాళ్ళు పేటలో కనిపిస్తాయి, పుట్టుక మాత్రం తరచు పెద్దల ఇళ్ళలోనే జరుగుతుంది.

రాజధానికి కూడా ఈ పాఠం కొత్తది కాదు. అత్యవసర పరిస్థితి రోజులలో, 1976 ఏప్రిల్‌లో, తుర్క్‌మన్ గేటు వద్ద ఇళ్ళు కూల్చి కాల్పులు జరిపారు. 1976-77 సంవత్సరంలో దేశంలో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు జరిగాయి. ఆనాడు పత్రికలకు సెన్సారు. అధికారులు చెప్పినదే వార్త. ఆ రోజులలోనే, బడిలో పిల్లలకు వేసే సూదిమందు వారిని సంతానహీనులను చేయడానికేనన్న పుకారు వ్యాపించింది. పిల్లలకు అటువంటిది జరగలేదు. కాని పెద్దలకు జరుగుతున్నది ఏ పత్రికా వ్రాయలేని రోజున, పిల్లలకు జరగనిదానిని తల్లులు నమ్మారంటే, ఆ తప్పు ఎవరి ఖాతాలో వ్రాయాలి?

అసత్య ప్రచారం అన్న మాట పాలకులకు ఎంత ఉపయోగకరమో పార్లమెంటు రికార్డులలోనే చూడవచ్చు. 2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రధాని లాక్‌డౌన్ ప్రకటించారు. అర్ధరాత్రి నుంచి అమలు. లక్షలాది వలస కూలీలు కాలినడకన ఇళ్ళ దారి పట్టారు. ఆ సెప్టెంబరు 15న లోక్‌సభలో హోంశాఖ ఇచ్చిన లిఖితపూర్వక సమాధానం ప్రకారం, లాక్‌డౌన్ ఎంతకాలం ఉంటుందన్న దానిపై వ్యాపించిన అబద్ధపు వార్తలు కలిగించిన భయమే ఆ ప్రయాణానికి కారణం! నాలుగు గంటల వ్యవధి ఇచ్చినవారి తప్పు లేదు. కూలి పోయి, అద్దె కట్టలేక, అన్నం దొరకక బయలుదేరినవాడు పుకారు విని బయలుదేరాడట.

ఆ ఏడాది మే 8వ తేదీ తెల్లవారుజామున, మహారాష్ట్రలోని ఔరంగాబాదు సమీపంలో, పట్టాలపై నిద్రించిన 16 మంది కూలీలను గూడ్సు బండి తొక్కివేసింది. వారు మధ్యప్రదేశ్‌లోని షాడోల్, ఉమరియా జిల్లాలవారు. ఆ రెండు స్టేషన్లూ బిలాస్‌పూర్ డివిజనులోనివే. ప్రయాణికుల రైళ్ళు ఆగిపోయిన రోజులవి. గూడ్సు బండ్లు ఆగలేదు. ఇళ్ళకు చేర్చే శ్రామిక రైళ్ళలో మొదటిది మే 1న మన లింగంపల్లి నుంచే బయలుదేరి ఉన్నది. కాని ఏ బండి ఎప్పుడు, ఎక్కడి నుంచి, ఎవరికి దొరుకుతుందో వారికి చేరవేసిన అధికారి లేడు. అధికారి నోట మాట అందని చోట పుకారే కాలపట్టిక అవుతుంది. తోర్వా పెద్దాయన అన్న 'అయిపోయాక తెలుస్తాది' అన్న మాటకు ఇంతకంటె ఘోరమైన సాక్ష్యం నాకు తెలియదు.

వెలికీ, అపనమ్మకానికీ ఉన్న ఈ ముడిని మనస్తత్వ శాస్త్రజ్ఞులు కూడా పరీక్షించి చూశారు. అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇద్దరు 2017లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, తమను తోటివారు కలుపుకోలేదని భావించినవారు, కలుపుకున్నవారి కంటె కుట్రకథలను ఎక్కువగా నమ్మడానికి మొగ్గుతారు. తనను ఎందుకు దూరంగా ఉంచారో తెలియనివాడు ప్రతిదానిలోనూ ఒక కారణం వెతుక్కుంటాడు. ఆ పరీక్షలో పాల్గొన్నవారిలో అక్కడి విద్యార్థులే ఉన్నారు. కాసేపు వెలివేస్తేనే ప్రిన్స్‌టన్ విద్యార్థి మనస్సు అటు మొగ్గితే, తరతరాల వెలి అనుభవించినవారిని మనం నిందించడం ఏమి న్యాయం?

అంతమాత్రాన పుకారును నెత్తిన పెట్టుకోమని నేను అనడం లేదు. పీడితుడు నమ్మాడు గనుక అది సత్యమైపోదు, దాని ఫలితం మంచిదైపోదు. 2018 వేసవిలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకారు మన రెండు రాష్ట్రాలనూ వణికించింది. ఆ మే నెలలో హైదరాబాదు చాంద్రాయణగుట్టలో, పాలమూరు నుంచి భిక్షాటనకు వచ్చిన ఒక హిజ్రాను గుంపు కొట్టి చంపింది. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో ఐదుగురు సంచార జాతి మనుషులు అదే అనుమానానికి బలి అయినారు. వెలిలో ఉన్నవాడి భయం పైవాడి మీదికి పోదు. తనకంటె ఇంకా వెలిలో ఉన్నవాడి మీద విరుచుకుపడుతుంది. పుకారు వలన అందరికంటె ఎక్కువ నష్టపోయేది పేదవాడే గనుకనే, దానికి మందు కనిపెట్టడం అవసరం.

ఆ మందు ఏమిటో మన దేశానికి ఒకసారి తెలిసింది. 2002లో దేశంలో నమోదైన 1600 పోలియో కేసులలో అత్యధికం ఉత్తరప్రదేశ్‌లోనివి. అక్కడి ముస్లిం పేటలలో, పోలియో చుక్కలు తమ సంతతిని తగ్గించడానికేనన్న పుకారు బలంగా ఉండేది. అబద్ధమని ఎన్ని ప్రకటనలు చేసినా తలుపులు తెరుచుకోలేదు. తరువాత పద్ధతి మారింది. ఆ పేటల స్త్రీలనే వేల సంఖ్యలో కార్యకర్తలుగా నియమించారు. ఇమాములను పిలిచి సంప్రదించారు. చుక్కలతోపాటు విరేచనాల మాటా, మురుగు మాటా, మిగతా టీకాల మాటా ఎత్తారు. మా మురుగు కాలవ పట్టనివారికి మా బిడ్డ నోట్లో చుక్క మీద ఇంత ప్రేమ ఎందుకన్న ప్రశ్నకు అదే సమాధానం. 2011 జనవరి తరువాత దేశంలో సహజ పోలియో కేసు నమోదు కాలేదు. 2014 మార్చి 27న పోలియో రహిత దేశంగా ధ్రువీకరణ పొందాము. వాదించి గెలిచిన విజయం కాదు అది. కలుపుకుని గెలిచిన విజయం.

పుకార్ల నిరోధానికి నేడు ఢిల్లీలో ప్రతిపాదిస్తున్న మార్గాలన్నీ ఖండన, నిషేధం, శిక్ష చుట్టూ తిరుగుతున్నాయి. పుట్టించేవాడిని, అమ్ముకునేవాడిని శిక్షించవలసినదే. కాని నమ్మేవాడికి ఖండన పనిచేయదు. ఖండించే నోటినే అతడు నమ్మడం లేదు గదా! అతడికి కావలసినది మాట కాదు, చోటు. జాబితా సవరిస్తే, ఆ జాబితాను పేట మధ్యలో, పేటవారి భాషలో చదివి వినిపించాలి. పేరు తీసివేసే ముందు ఇంటికి వచ్చి అడగాలి. కులపత్రం ఇవ్వలేకపోతే ఎందుకు ఇవ్వలేరో కూర్చోబెట్టి చెప్పాలి. 1950 నాటి కాగితం ఖలాసీ ఇంట లేకపోవచ్చు. అతడి తాతను పనిలోకి తీసుకున్న రైల్వే రికార్డులలో ఉన్నదేమో వెతికే భారం కచేరీ మోయాలి. ఇవేవీ కొత్త చట్టం అవసరమైన పనులు కావు. ఒక కుర్చీ వేసి కూర్చోమనే పాటి మర్యాద చాలు.

ఆనాడు తోర్వాలో నేను బయలుదేరేముందు పెద్దాయన జేబులోని పత్రం తీశాడు. ఇద్దరం కలిసి నింపాము. తండ్రి పేరు వ్రాయవలసిన చోట ఆయన అక్షరం అక్షరం చెప్పి వ్రాయించాడు. హిందీలో వ్రాసేవారు ప్రతిసారీ ఆ పేరును తప్పు వ్రాస్తారట. అన్నీ అయిన తరువాత, "ఇప్పుడు నమ్మకం కుదిరిందా?" అని అడిగాను. "మిమ్మల్ని నమ్మినాను బాబూ. మీరు కూర్చున్నారు కదా" అన్నాడు.

ఎన్నికల సంఘాన్ని నమ్మినట్లు ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు.